ఇంగ్లీషు బోధన: మేము రోజూ ఎదుర్కొనే అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో ఆర్టీసీ కాంప్లెక్సు దిగి ద్వారకానగర్‌లోకి నడిస్తే బ్యాంకు పరీక్షల శిక్షణ, ఐఈఎల్‌టీఎస్ (విదేశీ చదువులకు, వలసకు అడిగే ఇంగ్లీషు పరీక్ష), స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. అలాంటి గదుల్లో కళాశాల విద్యార్థులకు, ఉద్యోగులకు ఇంగ్లీషు చెప్పడం నా వృత్తి. విద్యార్థులు చేసే తప్పులు నాకు విసుగు పుట్టించవు, అవి లేకపోతే మాకు పనే లేదు. అయితే భాష ఎలా వస్తుందనే విషయంలో విద్యార్థులు, తల్లిదండ్రులు, ఒక్కోసారి సంస్థల యాజమాన్యాలు కూడా స్థిరపరచుకున్న నమ్మకాలు పాఠానికి దక్కవలసిన సమయాన్ని తినేస్తాయి.

అపోహ: ముప్పై రోజుల్లో ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడవచ్చు.

వాస్తవం: లెక్క వేసి చూద్దాం. నలభై మంది ఉన్న బ్యాచ్‌కు రోజుకు గంట తరగతి అనుకుంటే, ఉపాధ్యాయుడు నోరు విప్పకుండా కూర్చున్నా ఒక్కొక్కరికి మాట్లాడే అవకాశం నిమిషంన్నర మాత్రమే దొరుకుతుంది. నెల మొత్తానికి కలిపితే అది ముప్పావు గంట. భాషా సామర్థ్యాన్ని ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లుగా చూపే యూరోపియన్ కొలమానంలో, మొదటి నుంచి మొదలుపెట్టిన వ్యక్తి నాలుగో మెట్టయిన బీ2కి చేరడానికి ఉపాధ్యాయుని పర్యవేక్షణలో సుమారు 500 నుంచి 600 గంటల అభ్యాసం కావాలని కేంబ్రిడ్జి పరీక్షల విభాగం అంచనా. ముప్పై రోజుల కోర్సు ముప్పై గంటలు.

మరి కొందరికి నెలలోనే మాట వచ్చినట్టు కనిపిస్తుంది కదా అని అడుగుతారు. నిజమే. వారు బడిలో పదేళ్లు ఇంగ్లీషు చదివినవారు. పదాలు, వాక్యాలు లోపల ఉన్నాయి, మాట్లాడే అలవాటు మాత్రం లేదు. నెల రోజుల్లో వారికి బిడియం తగ్గుతుంది. అది చిన్న విషయం కాదు కానీ, దాన్ని చూపించి పదో తరగతి ఇంగ్లీషు గట్టెక్కడమే గండమైన వారికి అదే హామీ ఇవ్వడం అన్యాయం.

ఈ లెక్కను కొంతవరకు సరిచేసే ఉపాయం ఒకటి ఉంది. విద్యార్థులను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడిస్తే, ఒక్కొక్కరికి నిమిషంన్నరకు బదులు దాదాపు పది నిమిషాలు దొరుకుతాయి. అయితే ఆ సమయంలో తలుపు దగ్గర నుంచి తొంగి చూసిన తల్లిదండ్రులకు మాస్టారు ఊరికే తిరుగుతున్నట్టు, పిల్లలు కబుర్లు చెప్పుకుంటున్నట్టు కనిపిస్తుంది. బోర్డు నిండా రాస్తేనే పాఠం జరిగినట్టు లెక్క. ఈ విషయాన్ని ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ మళ్లీ మొదటి నుంచి వివరించవలసి రావడమే ఈ వృత్తిలో నన్ను ఎక్కువగా అలసిపోయేలా చేస్తుంది.

అపోహ: తరగతిలో తెలుగు వినిపించకూడదు, ఇంగ్లీషులోనే ఆలోచించాలి.

వాస్తవం: ఆలోచించడానికి సరిపడా ఇంగ్లీషు లేనందువల్లనే కదా విద్యార్థి మా దగ్గరకు వచ్చింది. 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్' అనవలసిన చోట 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అన్నవారిది అజాగ్రత్త కాదు. 'రెండేళ్ల నుంచి పనిచేస్తున్నాను' అనే సక్రమమైన తెలుగు వాక్యం దాని వెనుక ఉంది. వాక్యం చివర దీర్ఘం తీస్తే తెలుగులో ప్రశ్న తయారవుతుంది కాబట్టి, 'డిడ్ యూ కమ్' అనవలసిన చోట 'యూ కేమ్ ఆ' అని వినిపిస్తుంది. (మద్దిలపాలెం బస్టాపులో కాసేపు నిలబడితే ఎవరికైనా ఇది వినబడుతుంది.) తప్పు ఎక్కడి నుంచి వస్తోందో రెండు భాషలూ తెలిసిన ఉపాధ్యాయుడు తెలుగులో ఒక్క నిమిషంలో చూపించగలడు, అదే విషయాన్ని ఇంగ్లీషులో పావుగంట వివరించినా సగం తరగతికి అందదు. ఆ ఒక్క నిమిషం తరువాత మిగిలిన సమయమంతా ఇంగ్లీషులోనే గడవాలన్న మాటతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు రామమూర్తి పంతులు సవర అనే గిరిజనుల భాషను సవరల నోటి నుంచే విని నేర్చుకున్నారు. ఏళ్ల తరబడి చేసిన ఆ కృషి 1931లో ఆయన ఇంగ్లీషులో వెలువరించిన సవర వ్యాకరణానికి దారితీసింది. పరభాషను అంత పట్టుదలగా నేర్చిన ఆయనే సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని సొంత ఖర్చుతో బడులు పెట్టారు. సొంత భాష ఆసరాగా ఉంటే చదువు చెడుతుందని భయపడేవారు ఈ రెండు పనులనూ కలిపి చూడాలి.

అపోహ: ముందు గ్రామర్ అంతా ముగిస్తే మాట దానంతటదే వస్తుంది.

వాస్తవం: పన్నెండు టెన్స్‌ల పట్టికను తడుముకోకుండా ఒప్పజెప్పి, నిన్న ఏం చేశారో నాలుగు వాక్యాల్లో చెప్పలేని విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. 'హీ గో' కాదు 'హీ గోస్' అనే నియమం మొదటి వారంలోనే అర్థమవుతుంది, అయినా మాటల వేగంలో అది నోటికి రావడానికి ఏళ్లు పట్టవచ్చు. గ్రామర్ అవసరమే, కాకపోతే మాటతో పాటు కొద్దికొద్దిగా సాగాలి.

అపోహ: విదేశీ యాస లేకపోతే ఐఈఎల్‌టీఎస్‌లో మంచి బ్యాండ్ (స్కోరు) రాదు.

వాస్తవం: పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు సాగే ఆ స్పీకింగ్ పరీక్షలో ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగు అంశాలకూ సమాన విలువ ఉంటుంది, ఉచ్చారణలో చూసేది స్పష్టతనే కానీ బ్రిటిష్ యాసనో అమెరికన్ యాసనో కాదు. మన మాట ఎదుటివారికి అర్థం కాకపోవడానికి కారణం చాలాసార్లు పదంలోని ఊనిక. 'రికార్డ్' నామవాచకమైతే మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండో అక్షరం మీద ఒత్తి పలకాలి. మనం రెండింటినీ ఒకే బరువుతో పలికి, అలవాటు కొద్దీ చివర ఒక 'ఉ' చేరుస్తాం. యాసల కోర్సుకు డబ్బు కట్టే ముందు ఈ రెండూ సరిచేసుకుంటే మేలు.

అపోహ: ఇంగ్లీషు బాగా మాట్లాడే ఎవరైనా ఇంగ్లీషు చెప్పగలరు, రోజుకు రెండు గంటల తేలిక ఉద్యోగం.

వాస్తవం: ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ విభాగంలో రెండు జవాబులు, కనీసం 150 పదాలది ఒకటి, 250 పదాలది ఒకటి రాయాలి. నలభై మంది ఒక్క మాక్ టెస్టు రాస్తే దిద్దవలసినవి పదహారు వేల పదాలు. తప్పును కొట్టివేయడంతో ఆ పని అయిపోదు, ఎందుకు తప్పో పక్కన రాయాలి, పదే పదే వచ్చే తప్పులను ఏరి మరుసటి పాఠంలో చేర్చాలి. తరగతి గంటల లెక్కన జీతం కట్టే సంస్థలు ఇలా దిద్దడానికి పట్టే గంటలను లెక్కలోకి తీసుకోవు. అందువల్ల చాలాచోట్ల ఆ కాగితాల మీద విద్యార్థికి దొరికేది ఒక బ్యాండ్ అంకె, ఒక సంతకం.