గోధుమరంగు కేంద్రకం చెప్పని సంగతి

మూత్రాశయం మెడ దగ్గర గడ్డ. అది అక్కడే పుట్టిందా, కిందనున్న ప్రోస్టేట్ నుంచి పాకిందా? మూత్రాశయానిదైతే సిస్‌ప్లాటిన్ వంటి క్యాన్సర్ మందులు, అవసరమైతే మూత్రాశయం తొలగింపు. ప్రోస్టేట్‌దైతే టెస్టోస్టెరాన్‌ను అణచే చికిత్స. ఇంత తేడాను గాటా-3 అనే ఒక్క మార్కర్‌కు వదిలేయవచ్చా అన్న వాదన మళ్లీ రాజుకుంది. గాటా-3 కణ కేంద్రకంలో ఉండే ప్రోటీన్. దానికి అంటుకునే యాంటీబాడీతో కణజాలానికి రంగు పట్టిస్తే, అది ఉన్న కేంద్రకం గోధుమరంగులో కనిపిస్తుంది.

2007లో, వేల జన్యువుల పనితీరును ఒకేసారి కొలిచే మైక్రోఅర్రే పరిశోధనలో గాటా-3 ఈ మార్కర్‌గా వెలుగులోకి వచ్చింది. మూత్రాశయ లోపొర క్యాన్సర్లలో సుమారు మూడింట రెండు వంతులకు రంగు పట్టింది, ప్రోస్టేట్ క్యాన్సర్లకు పట్టలేదు. కణజాలాన్ని పరీక్షించి జబ్బు తేల్చే పాథాలజిస్టులకు అంతకన్నా ఏం కావాలి? రొమ్ము క్యాన్సర్‌నూ ఇదే మార్కర్ పట్టిస్తుందన్నది మినహాయింపుగా మిగిలింది.

మలుపు 2014లో వచ్చింది. దాదాపు 2,500 కణితులను పరీక్షిస్తే చర్మం, లాలాజల గ్రంథుల కణితులతో పాటు, కొన్ని క్లోమ క్యాన్సర్లలో, మీసోథీలియోమాల్లో (ఊపిరితిత్తుల, పొట్ట పొరల క్యాన్సర్లు) కూడా గాటా-3 కనిపించింది. ఒక అవయవానికి గుర్తు అనుకున్నది పలు అవయవాల గుర్తుగా తేలింది. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది: రేడియేషన్ పడిన ప్రోస్టేట్‌లో క్యాన్సర్ లేని గ్రంథుల కేంద్రకాలు కూడా గోధుమరంగుకు తిరుగుతాయని తెలిసింది.

రేడియేషన్ పడిన అలాంటి ప్రోస్టేట్ స్లైడును దగ్గరగా చూడండి. గ్రంథులు కుంచించుకుపోయాయి, కేంద్రకాలు ఉబ్బి వికారంగా ఉన్నాయి. పక్కనున్న లింఫోసైట్లు (ఒక రకం తెల్లరక్తకణాలు) కూడా గోధుమరంగే, ఎందుకంటే వాటిలోని టీ కణాల్లో గాటా-3 సహజంగా ఉంటుంది. హార్మోన్ చికిత్స పొందిన క్యాన్సర్లో, తీవ్రమైన రకాల్లో ప్రోస్టేట్‌కు గుర్తైన పీఎస్‌ఏ మసకబారుతుంది. అంటే ఒక మార్కర్ తగ్గుతుంది, మరొకటి పెరుగుతుంది. రెండూ ‘మూత్రాశయం క్యాన్సర్’ అనే ఒకే తప్పు జవాబువైపు నెడతాయి. ప్రోస్టేట్‌కు మరో మార్కర్ అయిన ఎన్‌కేఎక్స్ 3.1 చేర్చి చూడమని, కణాల ఆకారాన్నే ముందు చదవమని పట్టుబట్టేవారి మాటకు బలం ఇక్కడే ఉంది. వాడే యాంటీబాడీ రకం (క్లోన్) మారితే ఫలితం మారుతుందన్నది కూడా వారు ఎత్తిచూపుతున్నారు.

తీసేటప్పుడు వేడికి కాలిపోయి, నలిగిపోయిన చిన్న కణజాలపు ముక్కలో ఆకారం మిగలదు, అప్పుడు రంగే దిక్కన్నది ఎదుటివారి వాదన. అది నిజమే. కానీ అలాంటి ముక్కతో వచ్చే అభ్యర్థన కాగితంపై ‘మూత్రాశయం గడ్డ’ అని మాత్రమే ఉంటే, కొన్నేళ్ల కిందటి రేడియేషన్ సంగతి పాథాలజిస్టుకు ఎవరు చెప్పాలి?