పదిహేనేళ్ల చాంపియన్లు, పందొమ్మిదేళ్ల మాజీలు

2006 ఫిబ్రవరిలో ఇటలీలోని టురిన్‌లో శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. మంచు మీద జారుతూ జంప్‌లు చేసే ఫిగర్ స్కేటింగ్‌లో మెరిసిన జపాన్ అమ్మాయి మావో అసాడా అందులో లేదు. అంతకు రెండు నెలల ముందే టోక్యోలో జరిగిన గ్రాండ్ ప్రి ఫైనల్లో ఆమె ప్రపంచ చాంపియన్ ఇరినా స్లుత్స్కాయాను ఓడించింది. కానీ ఒలింపిక్స్‌లో ఆడాలంటే ముందటి ఏడాది జూలై 1 నాటికి 15 ఏళ్లు నిండాలి. అసాడాకు 87 రోజులు తక్కువయ్యాయి. ఇంత బాగా ఆడే పిల్లను ఆపడం అన్యాయమని అప్పట్లో చాలామంది వాదించారు. 15 నిండి మూడు నెలలు కూడా కాని పిల్ల 26 ఏళ్ల ప్రపంచ చాంపియన్‌ను ఎలా ఓడించగలిగింది, ఫిగర్ స్కేటింగ్‌లో అసలు ఇది ఎందుకు జరుగుతోంది అన్న సంగతి మాత్రం ఆ గొడవలో మరుగున పడిపోయింది.

అసాడా ఒక్కతే కాదు. 1998లో నగానోలో స్వర్ణం గెలిచిన టారా లిపిన్‌స్కీకి 15 ఏళ్లు. 2018లో ప్యోంగ్‌చాంగ్‌లో గెలిచిన అలీనా జగితోవాకూ 15 ఏళ్లే. రెండేళ్లు తిరగకముందే, 17 ఏళ్లకే, జగితోవా పోటీల నుంచి పక్కకు తప్పుకుంది. 2014లో సోచిలో రష్యా జట్టుకు స్వర్ణం తెచ్చిపెట్టిన యూలియా లిప్నిత్‌స్కయా 19 ఏళ్లకు ఆటే మానేసింది. మగవాళ్ల సంగతి వేరు. నేథన్ చెన్ 2022లో స్వర్ణం గెలిచేటప్పటికి అతనికి 22 ఏళ్లు. యుజురు హన్యు 19 ఏళ్లకు ఒకటి, 23 ఏళ్లకు ఇంకొకటి గెలిచాడు. అవే జంప్‌లు, అదే మంచు. అబ్బాయిలకు కలిసొచ్చే వయసే అమ్మాయిలకు ఎదురు తిరుగుతోంది.

దీని వెనక ఫిజిక్స్ ఉంది. ఇంటర్‌లో కోణీయ ద్రవ్యవేగం పాఠం చదివినవాళ్లకు స్కేటర్ ఉదాహరణ గుర్తుండే ఉంటుంది. చేతులు ఒంటికి దగ్గరగా ముడిస్తే వేగంగా తిరుగుతారు, చాపితే నెమ్మదిస్తారు. జంప్‌లోనూ అదే లెక్క. కాలు మంచును వదిలిన క్షణం నుంచి కోణీయ ద్రవ్యవేగం మారదు. గాల్లో ఉండేది సెకనులో సుమారు మూడింట రెండు వంతులే. క్వాడ్ అనే నాలుగు చుట్ల జంప్‌లో కొంత తిరగడం మంచు మీదే మొదలైపోతుంది. మిగతాదంతా ఆ కాస్త సమయంలో పూర్తి కావాలంటే సెకనుకు ఐదు చుట్లకు పైగా తిరగాలి. కాబట్టి శరీరం వీలైనంత సన్నటి నిలువు కడ్డీలా ఉండాలి. ఇక్కడ కీలకమైన సంగతి వర్గం. జడత్వ భ్రామకంలో, అంటే తిరగడానికి శరీరం చూపే ప్రతిఘటనలో, అక్షం నుంచి దూరం వర్గమై వస్తుంది. తుంటి, భుజాలు అక్షం నుంచి 10 శాతం దూరం జరిగితే ఆ భాగాల వంతు 21 శాతం పెరుగుతుంది. పెరిగిన బరువు దానికి అదనం.

అమ్మాయి పెద్దమనిషి అయ్యే వయసులో జరిగేది సరిగ్గా ఇదే. పన్నెండేళ్ల ప్రాంతంలో ఎత్తు అతివేగంగా పెరుగుతుంది. తుంటి ఎముకలు వెడల్పవుతాయి. ఒంట్లో కొవ్వు వాటా బరువులో సుమారు ఆరో వంతు నుంచి నాలుగో వంతుకు చేరుతుంది. అబ్బాయిలకు అదే దశలో టెస్టోస్టిరాన్ పుణ్యాన కండ బాగా పెరుగుతుంది కాబట్టి పెరిగిన బరువును ఎత్తడానికి బలమూ వస్తుంది. అమ్మాయిలకు కండ పెరిగినా బరువుతో పోలిస్తే అంతగా పెరగదు. పైగా కాళ్లు ముందు, మొండెం తర్వాత పెరుగుతాయి. నిన్నటిదాకా అలవాటైన టేకాఫ్ టైమింగ్ ఇవాళ తప్పుతుంది. అదే జంప్‌ను కొత్త శరీరంతో మళ్లీ నేర్చుకోవాలి, అందుకు నెలలు పడుతుంది. ఒలింపిక్స్ మాత్రం ఆ నెలల కోసం ఆగదు.

మికి ఆండో కథ చూడండి. 2002లో పోటీలో క్వాడ్ దిగిన మొదటి అమ్మాయి ఆమె. అప్పటికి 14 ఏళ్లు. 2006 ఒలింపిక్స్‌లో మళ్లీ ప్రయత్నించి పడిపోయింది. ఆ తర్వాత ఆ జంప్ ఆమెకు తిరిగి రాలేదు. కానీ 2007లో, 2011లో ఆమె ప్రపంచ చాంపియన్ అయింది, రెండుసార్లూ క్వాడ్ లేకుండానే. పెద్దయ్యాక ఆమె స్కేటింగ్ దిగజారలేదు. చిన్నప్పటి ఒంటికి మాత్రమే సాధ్యమైన ఒక్క జంప్ పోయింది, అంతే. ఈ తేడా చాలామంది కోచ్‌లకు తెలియక కాదు, పాయింట్ల పట్టిక దాన్ని పట్టించుకోదు.

ఆ పట్టికలో ట్రిపుల్ లట్జ్ (లట్జ్ రకంలో మూడు చుట్లది) జంప్‌కు మూల విలువ 5.9. క్వాడ్ లట్జ్‌కు 11.5. ఒక్క చుట్టు ఎక్కువ తిరిగితే దాదాపు రెట్టింపు. ఎంత చక్కటి అడుగుల వరుస అయినా ఆ తేడాను పూడ్చడం కష్టం. కాబట్టి సన్నగా, తేలిగ్గా ఉన్న వయసులోనే పిల్లల చేత క్వాడ్‌లు చేయించి, ఒకరు పెద్దవుతుండగానే వెనక నుంచి ఇంకొకరిని సిద్ధం చేయడం మాస్కోలో ఒక పద్ధతిగా స్థిరపడింది. ఎతెరి తుత్‌బెరిద్జే శిక్షణలో లిప్నిత్‌స్కయా, మెద్వెదేవా, జగితోవా, షెర్బకోవా, త్రుసోవా, వలీవా వరసగా వచ్చారు. ఒక్కొక్కరు శిఖరం మీద ఉన్నది రెండు మూడు సీజన్లు. నా దృష్టిలో తప్పు ఒక్క కోచ్‌దే అనడం తేలిక. రూల్స్ దేనికి పాయింట్లు ఇస్తే ఆటగాళ్ల ఒళ్లు అటే పోతుంది. రెండో సగంలో చేసే జంప్‌లకు 10 శాతం బోనస్ ఉందని 2018లో జగితోవా ఫ్రీ ప్రోగ్రామ్ (పోటీలోని రెండు ప్రదర్శనల్లో పొడవైనది) జంప్‌లన్నీ రెండో సగంలోనే పెట్టింది. వెంటనే అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య ఆ బోనస్‌ను చివరి మూడు జంప్‌లకు కుదించింది. ప్రోగ్రామ్‌లు మరుసటి సీజన్‌కే మారిపోయాయి.

ఇక తిండి. తుంటి ఎముకను ఎవరూ ఆపలేరు. కోచ్, తల్లి, పిల్ల ముగ్గురి చేతుల్లోనూ ఉందనిపించేది బరువు ఒక్కటే. అందుకే రోజూ తూకం, కంచం మీద నిఘా. పోటీ ముందు నీళ్లు తగ్గించడం కూడా ఉంటుంది. నీళ్లు తాగకపోతే తూకం తగ్గుతుంది గానీ కొవ్వు తగ్గదు. తగ్గేది రక్త పరిమాణం, ఏకాగ్రత.

శరీరం తిండి కొరతను ఎలా లెక్కేస్తుందో శాస్త్రానికి బాగానే తెలుసు. తిన్న కేలరీల్లోంచి వ్యాయామానికి పోయినవి తీసేస్తే మిగిలేది ఒంటి నిర్వహణకు. దాన్ని కొవ్వు కాని బరువుతో భాగిస్తే వచ్చే అంకె రోజుకు, కిలోకు 45 కేలరీల దగ్గర ఉంటే ఆరోగ్యం. అమెరికా పరిశోధకురాలు ఆన్ లౌక్స్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో, నెలసరి సక్రమంగా ఉన్న ఆడవాళ్లకు ఐదు రోజుల పాటు రకరకాల మోతాదుల్లో తిండి ఇచ్చి చూశారు. ఆ అంకె 30 కంటే కిందికి పోగానే అండాశయాలను నడిపించే ఎల్‌హెచ్ హార్మోన్ లయ చెదిరింది. ఐదు రోజులే!

దీన్ని స్కేటర్‌కు అన్వయిద్దాం. 42 కిలోల పిల్ల, అందులో కొవ్వు కానిది 35 కిలోలు అనుకుందాం. ప్రాక్టీసుకు 600 కేలరీలు ఖర్చు. ఆరోగ్యంగా ఉండాలంటే ఆమె రోజుకు దాదాపు 2,175 కేలరీలు తినాలి. ప్రమాద గీత 1,650 దగ్గర ఉంది. ఆ పిల్ల సలాడ్‌తో, పెరుగుతో 1,200 దగ్గర ఆగితే అంకె 17కు పడిపోతుంది. ఎదిగే వయసు కాబట్టి నిజానికి అవసరం ఇంకా ఎక్కువే.

అప్పుడు శరీరం, జీతం సగమే వచ్చిన నెలలో ఇల్లు నడిపే మనిషిలా ప్రవర్తిస్తుంది. బియ్యం, కరెంటు ఆగవు. గోడలకు రంగులు, కొత్త సామాను వాయిదా పడతాయి. గుండె, మెదడు నడుస్తూనే ఉంటాయి. ఎదుగుదల, ఎముక నిర్మాణం, నెలసరి వాయిదా పడతాయి. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గడం మెదడులోని హైపోథాలమస్‌కు ఒక సంకేతం. అక్కడి నుంచి వెళ్లాల్సిన ఆజ్ఞలు మందగిస్తాయి, అండాశయాలు ఈస్ట్రోజన్ తయారీ తగ్గిస్తాయి. థైరాయిడ్ కూడా నెమ్మదిస్తుంది. మొదటి పీరియడ్ ఆలస్యమవుతుంది, లేదా వచ్చినవి ఆగిపోతాయి. ఆలస్యానికి కారణం ప్రతిసారీ తిండే కాదు. సహజంగానే ఆలస్యంగా ఎదిగే పిల్లలకు ఈ ఆట అనుకూలం కాబట్టి పైదాకా నిలిచేది వాళ్లే. రెండు కారణాలూ కలిసిపోవడం వల్ల అసలు రోగం కంటికి ఆనదు.

అసలు దెబ్బ ఎముకకు. పెద్దయ్యాక మన ఎముకల్లో ఉండే ఖనిజంలో దాదాపు నాలుగో వంతు, ఎదుగుదల అతివేగంగా ఉండే దశ చుట్టూ రెండేళ్లలోనే చేరుతుంది. ఈస్ట్రోజన్ లేకపోతే చేరాల్సింది చేరదు, ఉన్నది కరుగుతుంది. దూకి దిగడం మామూలుగా కాలి ఎముకలకు మేలే చేస్తుంది, దెబ్బ తగిలిన చోట ఎముక గట్టిపడుతుంది. కానీ గట్టిపడడానికి సరుకు కావాలి. క్వాడ్ దిగేటప్పుడు ఒక్క కాలి మీద ఒంటి బరువుకు ఐదు రెట్లకు పైగా బలం పడుతుంది. అది రోజుకు డజన్ల సార్లు. తిండి తక్కువైన ఎముకకు పగుళ్లు మానే తీరిక ఉండదు. పాదంలో, ముంగాలిలో, నడుములో స్ట్రెస్ ఫ్రాక్చర్లు అలా వస్తాయి. తిండి తగ్గిస్తే కండ కూడా కరుగుతుంది. అంటే జంప్ ఎత్తు కోసం చేసిన పని చివరికి ఎత్తునే తగ్గిస్తుంది.

తిండి కొరత, నెలసరి ఆగడం, ఎముక బలహీనత, ఈ మూడింటికి ఉన్న సంబంధాన్ని అమెరికా క్రీడా వైద్యులు 1992లోనే ఒక్కచోట చేర్చి చూపారు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆ పరిధిని పెంచి, మగవాళ్లనూ అందులో చేర్చింది. చేర్చడం సబబే. అమెరికా స్కేటర్ ఆడమ్ రిపన్ ఒక దశలో రోజుకు మూడు బ్రెడ్ ముక్కలు, మూడు కప్పుల కాఫీతో గడిపానని 2018లో బయటపెట్టాడు.

'ఆటలు ఆడే పిల్లలకు పీరియడ్స్ రాకపోవడం మామూలే' అనే మాట రింక్‌ల దగ్గరే కాదు, మన గ్రౌండ్‌ల దగ్గరా వినిపిస్తుంది. మామూలు కాదు. 15 ఏళ్లు నిండినా మొదలు కాకపోయినా, మొదలై మూడు నెలలు వరుసగా రాకపోయినా డాక్టర్‌కు చూపించాల్సిందే. గర్భనిరోధక మాత్రలు వేసి నెలసరి 'తెప్పించడం' కూడా ఉంది. రక్తస్రావం కనిపిస్తుంది, అందరికీ టెన్షన్ తగ్గుతుంది. ఎముకకు మాత్రం వాటితో ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. మందు తిండే.

లిప్నిత్‌స్కయా 2017లో అనొరెక్సియాకు (బరువు భయంతో తిండి మానేసే రుగ్మతకు) చికిత్స తీసుకుని రిటైరైంది. రెండుసార్లు అమెరికా చాంపియన్ అయిన గ్రేసీ గోల్డ్ అదే ఏడాది డిప్రెషన్‌కు, తిండికి సంబంధించిన రుగ్మతకు చికిత్స కోసం ఆట ఆపింది. జపాన్ స్కేటర్ అకికో సుజుకి 18 ఏళ్లప్పుడు 32 కిలోలకు పడిపోయింది. ఆమె కోలుకుంది, రెండు ఒలింపిక్స్ ఆడింది, 27 ఏళ్లకు ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చుకుంది. కోలుకున్నవాళ్ల గురించి ఎక్కువగా చెప్పుకోం గానీ, పెద్దయిన శరీరంతో ఈ ఆట సాధ్యమా అన్న ప్రశ్నకు సుజుకి జవాబు.

2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో 15 ఏళ్ల కమీలా వలీవా డోపింగ్ వ్యవహారం ప్రపంచమంతా చూసింది. వయసు పెంచాలన్న ప్రతిపాదన అంతకుముందే ఉన్నా, ఆ జూన్‌లో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య 100–16 ఓట్లతో దాన్ని ఆమోదించింది. సీనియర్ పోటీల కనీస వయసు అంచెలంచెలుగా 17కు చేరింది.

జపాన్‌కు చెందిన కవోరి సకమోటో 2022 నుంచి 2024 వరకు వరుసగా మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది. చివరిసారి గెలిచేటప్పటికి ఆమెకు 24 ఏళ్లు నిండబోతున్నాయి. క్వాడ్ లేదు, మూడున్నర చుట్ల ట్రిపుల్ అక్సెల్ లేదు. ఉన్నదల్లా దూసుకెళ్లే వేగం, ఆ వేగంతో లేచే పొడవాటి జంప్‌లు. కండ బలం ఉన్న శరీరం చేసే స్కేటింగ్ అది. అయితే ఈ మూడు పోటీల్లోనూ రష్యన్లు లేరు, యుక్రెయిన్ యుద్ధం కారణంగా అప్పుడు వాళ్లపై నిషేధం ఉండేది. కాబట్టి ఈ మార్పును వయసు నియమం ఖాతాలోనే వేయలేం.

అమెరికాకు చెందిన అలిసా లియు ఉదాహరణ నాకు ఇంకా నచ్చుతుంది. 13 ఏళ్లకు జాతీయ చాంపియన్, 14 ఏళ్లకు క్వాడ్ లట్జ్, 16 ఏళ్లకు రిటైర్మెంట్. రెండేళ్లు రింక్ వదిలేసి 2024లో తిరిగొచ్చింది. 2025 మార్చిలో బోస్టన్‌లో, 19 ఏళ్లకు, క్వాడ్ ఊసే లేకుండా ప్రపంచ చాంపియన్ అయింది.

ఇంతకీ కొత్త నియమం సీనియర్లకే. జూనియర్ పోటీలు 13 ఏళ్లకే మొదలవుతాయి, అక్కడ ఫ్రీ ప్రోగ్రామ్‌లో క్వాడ్‌లకు అవే పాయింట్లు. త్రుసోవా 2018లో సోఫియాలో ఒకే ప్రోగ్రామ్‌లో రెండు క్వాడ్‌లు దిగింది కూడా జూనియర్ ప్రపంచ పోటీల్లోనే, 13 ఏళ్లకు. ఎముక అతివేగంగా కట్టుకునే ఏళ్లు అవే. ఫుకెట్‌లో పడిన 100 ఓట్లు ఆ వయసు పిల్లల దాకా రాలేదు.