అమ్మలుకి రెండో సూది ఎందుకు పడింది?

తార్నాక, హైదరాబాద్

అమ్మలూ, చింటూ,

పోయిన ఆదివారం టైఫాయిడ్ సూది వేయించుకొచ్చి అమ్మలు మూతి ముడుచుకుని కూర్చుంది కదా, "ఐదో ఏట వేశారుగా తాతయ్యా, మళ్లీ ఎందుకు? బుడ్డోడికేమో తొమ్మిదో నెలలో ఒక్కటేసి వదిలేశారు" అని. అప్పుడు చాయ్ చల్లారిపోతోందని దాటేశాను. ఇప్పుడు తీరిక దొరికింది, వినండి.

టైఫాయిడ్ బ్యాక్టీరియా ఒంటి మీద చక్కెర పూత ఉంటుంది, పాకం పట్టిన గవ్వల్లాగా. కాకపోతే ఇది తియ్యటి చక్కెర కాదు, ఒకే రకం ముక్కల్ని మల్లెదండలా వరసగా గుచ్చినట్టుంటుంది. అమ్మలుకి ఐదో ఏట వేసింది ఉత్త ఆ దండే. మన రక్తంలో కాపలా కాసే బి కణాలు దాన్ని పట్టుకుని గబగబా యాంటీబాడీలు, అంటే క్రిములకి అతుక్కుని వాటిని అడ్డుకునే ప్రొటీన్లు, చేసేస్తాయి, అక్కడి వరకూ బానే ఉంది, కానీ గుర్తుపెట్టుకోవడం వాటికి ఒంటరిగా చేతకాదు. టి కణాలనే ఇంకో రకం కాపలా కణాలు తోడు రావాలి, అవేమో ప్రొటీన్ ముక్క చూపిస్తే తప్ప పలకవు. అందుకే మూడేళ్లకోసారి మళ్లీ సూది. రెండేళ్లలోపు పిల్లల్లో అయితే ఆ కాస్త యాంటీబాడీలు కూడా సరిగ్గా రావు.

దీనికి కిటుకు కుందేళ్లలో దొరికింది. న్యుమోనియా బ్యాక్టీరియా పూతని శుద్ధి చేసి ఉత్తదే ఇస్తే కుందేలు పట్టించుకునేది కాదు. 1931లో న్యూయార్క్‌లో ఏవరీ, గోబెల్ అనే ఇద్దరు దాన్నే గుర్రం రక్తంలోని ప్రొటీన్‌కి అతికించి ఇస్తే, కుందేళ్లు ఆ చక్కెర మీదే యాంటీబాడీలు చేశాయి! ఎలుకలది ఇంకో తమాషా. ఉత్త పూత రవ్వంత ఇస్తే రక్షణ వచ్చింది, బాగా ఎక్కువిస్తే అసలు రాకుండా మొద్దుబారిపోయాయి. మందు ఎంతేస్తే అంత మంచిదనే మీ నానమ్మకి ఇది చదివి వినిపించండి.

బుడ్డోడికి వేసిన దాంట్లో ఆ దండకి టెటనస్ ప్రొటీన్ తగిలించారు. బి కణం రెంటినీ కలిపి మింగేసి, ప్రొటీన్‌ని ముక్కలు చేసి టి కణానికి చూపిస్తుంది, అది ఊఁ అంటే జ్ఞాపక కణాలు పుడతాయి. ఇలాంటి టీకా మన హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ వాళ్లు తయారుచేశారు, ఆరు నెలల పిల్లలకీ వేయొచ్చు, 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) నాణ్యత, భద్రత పరిశీలించి అర్హత కూడా ఇచ్చింది. అమ్మలుకి మొన్న వేయించిందీ ఈ రకమే.

చెయ్యి నొప్పి తగ్గితే శనివారం రండి, నానమ్మ గవ్వలు చేస్తానంటోంది.

మీ తాతయ్య