తగిలింది పొట్టకి, మచ్చ కనబడింది ఊపిరితిత్తిలో

మా చెల్లెలి కొడుక్కి తొమ్మిదేళ్లు. పోయిన వేసవిలో విజయవాడలో బందరు కాలువ గట్టున సైకిల్ తొక్కుతూ పడ్డాడు. హ్యాండిల్ చివర పొట్టలో గుచ్చుకుంది. పైకి కమిలిన మచ్చే కనిపిస్తున్నా, ఇలాంటి దెబ్బకి లోపల లివరో ప్లీహమో చిట్లే ప్రమాదం ఉంటుంది. అందుకని సూర్యారావుపేటలో పొట్టకి సీటీ తీయించారు. లివర్ బాగుంది, ప్లీహం బాగుంది. రిపోర్టు చివర మాత్రం ఒక ముక్క: కుడి ఊపిరితిత్తి అడుగున 4 మిల్లీమీటర్ల నాడ్యూల్.

పొట్ట స్కాన్‌లోకి ఊపిరితిత్తి ఎలా వచ్చిందంటే, లివర్ పైఅంచు దాకా తీసేటప్పుడు దాని మీదుగా ఉన్న ఊపిరితిత్తుల కింది భాగం కూడా పడుతుంది. రాత్రి పదకొండింటికి చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, నాడ్యూల్ అంటే గడ్డేగా? నెట్‌లో చూస్తే..." అని ఆగిపోయింది. నెట్‌లో ఏం చూసి ఉంటుందో వేరే చెప్పాలా?

నాడ్యూల్ అనేది జబ్బు పేరు కాదు. స్కాన్‌లో గాలి నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపులో 3 సెంటీమీటర్ల లోపు గుండ్రంగా తెల్లగా ఏది కనిపించినా రేడియాలజిస్టులు ఆ పేరే రాస్తారు. 4 మిల్లీమీటర్లంటే పెసరగింజంత. పాతకాలపు యంత్రాలు ఇంత చిన్నవాటిని దాటేసేవి. ఇప్పుడు మిల్లీమీటరు మందాన పొరలు పొరలుగా తీస్తున్నారు కాబట్టి, ఏ జబ్బూ లేని పిల్లల్లో కూడా ఇవి తరచుగా బయటపడుతున్నాయి.

మరి అవి ఏమిటి? కాలికి పుండయితే గజ్జల్లో బిళ్ళ కట్టడం మనందరికీ తెలుసు. అలాంటి బిళ్ళలే, బాగా చిన్నవి, ఊపిరితిత్తుల లోపల కూడా ఉంటాయి. పీల్చిన గాలితో వచ్చిన దుమ్మునీ క్రిములనీ వడపోయడం వాటి పని. వాటికి ఒక వాలకం ఉంటుంది. ఊపిరితిత్తి భాగాల మధ్య ఉండే మడతకో, పైపొరకో అంటిపెట్టుకుని, ఎక్కువగా కింది సగంలో, నున్నటి అంచుతో త్రికోణంగానో కాస్త చదునుగానో కనిపిస్తాయి. అనుభవమున్న రేడియాలజిస్టు చూడగానే పోల్చుకుంటాడు. పిల్లల్లో అనుకోకుండా బయటపడే నాడ్యూల్స్‌లో చాలావాటి సంగతి ఇంతే.

మన దగ్గర ఇంకో అనుమానం కూడా రావాలి: టీబీ. పిల్లల ఊపిరితిత్తిలో టీబీ క్రిమి మొదట దిగిన చోట ఏర్పడే చిన్న మచ్చని ఆంటన్ ఘాన్ అనే ఆస్ట్రియన్ శాస్త్రవేత్త 1912లో వివరంగా రాశాడు. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. చాలామంది పిల్లల్లో ఒళ్లే ఆ క్రిమి చుట్టూ గోడ కట్టేస్తుంది. కొన్నాళ్లకు అక్కడ కాల్షియం చేరి, స్కాన్‌లో ఎముకలా తెల్లగా మెరుస్తుంది. క్రిమి వచ్చి పోయిన సంగతి ఆ పిల్లాడికీ తెలియదు, తల్లికీ తెలియదు. అది మానిన మచ్చేనా, ఇంకా రగులుతోందా అన్నది తేల్చుకోవాలి. రెండు వారాలు దాటిన దగ్గో జ్వరమో ఉందా, బరువు పెరగడం ఆగిందా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అని డాక్టరు అడిగేది అందుకే. తాతయ్య మందులు వాడిన సంగతి పరువు పోతుందని దాచే ఇళ్లు నేను చూశాను. ఆ ఒక్క మాట దాచడం వల్ల పిల్లాడికి జరిగే నష్టం ఏ మచ్చ వల్లా జరగదు. పుట్టగానే బీసీజీ వేయించాం కదా అంటారు. ఆ టీకా పసిపిల్లల్ని ప్రాణాంతకమైన టీబీ నుంచి కాపాడుతుంది గానీ, క్రిమి అసలు సోకకుండా ఆపలేదు.

క్యాన్సర్ మాటకొద్దాం. నాడ్యూల్ కనిపిస్తే 'ఆరు నెలలకి మళ్లీ సీటీ' లాంటి లెక్కలు ఫ్లైష్నర్ సొసైటీ అనే ఛాతీ స్కాన్ల నిపుణుల సంఘం నియమాల నుంచి వచ్చినవి. 2017లో సవరించిన ఆ నియమాలు 35 ఏళ్లు, ఆపైన వయసున్నవాళ్లకే. వయసూ పొగతాగే అలవాటూ చూసి కట్టిన లెక్కలవి. తొమ్మిదేళ్లవాడికి వాటిని వర్తింపజేయడం నాన్న చొక్కా కొడుక్కి తొడగడమే. ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ పుట్టడం బహు అరుదు. అయితే అప్పటికే ఎముకలోనో కిడ్నీలోనో క్యాన్సర్ ఉన్న పిల్లాడైతే ఇదే 4 మిల్లీమీటర్ల మచ్చకి అర్థం మారిపోతుంది, జబ్బు పాకిందేమోనని చూడాలి. ఎముక క్యాన్సర్‌లో కాల్షియం కనిపించినా ధీమా పడకూడదు. కీమో వల్లో మరోదాని వల్లో రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లల్లో ఫంగస్ అనుమానం వస్తుంది. అందుకే మచ్చ సైజుకన్నా ముందు చూడాల్సింది పిల్లాడి ఆరోగ్య చరిత్ర.

"ఎందుకైనా మంచిది, ఇంకోసారి తీయించేద్దాం" అంది చెల్లెలు. మనందరికీ ముందు తోచేది అదే. కానీ పెరిగే ఒంటికి రేడియేషన్ ఎంత తగ్గితే అంత మేలు. పైగా కొలతలో ఒక తిరకాసు ఉంది. 4 మిల్లీమీటర్ల గుండు 5 అయితే దాని ఘనపరిమాణం దాదాపు రెట్టింపు అయినట్టు. స్కాన్ మీద కొలిచేటప్పుడేమో ఒక మిల్లీమీటరు తేడా రావడం మామూలే. పిల్లాడు ఊపిరి బిగబట్టకపోయినా కొలత మారుతుంది. లేని పెరుగుదల చూసి బెంబేలెత్తిపోవచ్చు. సూదితో ముక్క తీద్దామంటే ఇంత చిన్నదానికి గురి కుదరదు, ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి బయటికి చేరొచ్చు. మచ్చ పెద్దదిగానో, అంచులు గరుగ్గానో, సంఖ్యలో ఎక్కువగానో ఉంటే సంగతి వేరు. అప్పుడు కొన్ని నెలలాగి, పిల్లల మోతాదుకి తగ్గించిన రేడియేషన్‌తో ఛాతీ వరకే తీయిస్తారు.

రిపోర్టు కాగితం కాదు, సీడీ తెమ్మన్నాడు పిల్లల డాక్టరు. అది బీరువాలో పెళ్లి ఆల్బమ్ కింద దొరికింది. స్క్రీన్ మీద ఒక్కో పొరా జరుపుతూ మడతకి ఆనుకున్న త్రికోణం దగ్గర ఆగాడు. "చూడమ్మా, బిళ్ళ" అన్నాడు. బరువు చూశాడు, మెడ తడిమాడు, ఇంట్లోవాళ్ల దగ్గు గురించి అడిగాడు. మళ్లీ స్కాన్ అక్కర్లేదన్నాడు. సీడీ మాత్రం జాగ్రత్తగా ఉంచమన్నాడు, రేపెప్పుడైనా ఇంకో స్కాన్ తీస్తే పోల్చుకోవడానికి.

వాళ్లు లేచి వస్తుంటే, "సైకిల్ హ్యాండిల్‌కి రబ్బరు తొడుగుందా, ఊడిపోయిందా?" అని అడిగాడు. ఊడిపోయి చాన్నాళ్లయింది. ఆ సాయంత్రమే మా బావ కొత్తవి వేయించాడు.