చేప పిల్లల తొట్టికి మొక్కలు: రోజూ వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

గప్పీ, ఫైటర్ చేపలు పెంచి అమ్ముతుంటాను. ఇంటికొచ్చేవాళ్లు చేపల ధర ఒక్కసారి అడిగితే మొక్కల సంగతి పదిసార్లు అడుగుతారు. అందులో సగం ఎవరో చెప్పగా విన్న మాటలే.

అపోహ: తక్కువ వెలుతురు మొక్కంటే లైటు అక్కర్లేని మొక్క.

అలాంటి మొక్క లేదు. అనుబియాస్ అనే నీటి మొక్కను చీకటి మూలన పెట్టినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. మోసపోయేది అక్కడే. కాండంలో దాచుకున్నది తింటూ రోజులు నెట్టుకొస్తుందంతే. చిన్న తొట్టికి మామూలు ఎల్‌ఈడీ రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. టైమర్ పెట్టేసుకోండి. లైటు అతిగా ఉన్నా తంటాయే. అనుబియాస్ కొత్త ఆకు వేయడానికి వారాలు పడుతుంది. అంత నిదానమైన ఆకు మీద పాచి తీరిగ్గా కాపురం పెడుతుంది.

అపోహ: ఏ మొక్క వేసినా పిల్లలకు చాటే.

అనుబియాస్ ఆకు కింద పిల్ల దూరగలిగితే, దాని వెనకే తల్లీ దూరుతుంది. గప్పీకి తన పిల్ల కూడా మేతే. చాటు అంటే పెద్దచేప మూతి పట్టని సందు. అది జావా మాస్, గప్పీ గ్రాస్, హార్న్‌వర్ట్ లాంటి దట్టమైన నీటి మొక్కల్లోనే దొరుకుతుంది. పొద్దున్నే మాస్ ముద్దకు ముఖం ఆనించి కదలకుండా చూడండి. ముందు రెండు నల్లటి కళ్లు కనిపిస్తాయి, పిల్ల ఆ తర్వాతే.

ఏ చేప అన్నదాన్ని బట్టి మొక్క చోటు మారుతుంది. జీబ్రా డానియో గుడ్లు అడుగుకు జారిపోతాయి, తల్లిదండ్రులే ఏరుకు తింటాయి. వాటికి మాస్ అడుగున పరవాలి. ఫైటర్ మగది నీటిపైన నురగ గూడు కడుతుంది కాబట్టి పైభాగం మొత్తం మొక్కలతో కప్పేయకూడదు. గూటికి ఆసరాగా ఎండిన బాదం ఆకు ఒకటి చాలు, వీధిలో రాలినవే కడిగి వాడతాను. మగది తరిమినప్పుడు ఆడది దాక్కోవడానికి ఓ మూలన మాస్ దట్టంగా ఉండాలి.

ఇంకో మాట. మాస్‌ను కుళాయి కింద తళతళలాడేలా కడిగేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దానికి పట్టిన సన్నటి జిగురులోని సూక్ష్మజీవులే ఫైటర్ పిల్లల తొలి మేత. అలాగని అదొక్కటే చాలదు, ఆర్టీమియా (చిన్న రొయ్యల్లాంటి ఉప్పునీటి జీవులు) గుడ్లు పొదిగించి వేయాల్సిందే.

అపోహ: మొక్కలున్నాయి, నీళ్లు మార్చక్కర్లేదు.

నిదానంగా పెరిగే మొక్క చేపల మురికి నుంచి వచ్చే అమ్మోనియాను కూడా నిదానంగానే పీలుస్తుంది. మనం చూస్తే పిల్లలకు రోజుకు మూడు నాలుగు సార్లు మేత వేస్తాం. మురికి లాగే పని పైన తేలే సాల్వీనియా చేస్తుంది. దానికి లైటు దగ్గర, గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉచితం. తొట్టి అంచున మనీ ప్లాంట్ తీగ కట్టి వేళ్లు నీళ్లలోకి వదిలినా మంచిదే. అయినా నేను రోజూ సన్నటి ఎయిర్ ట్యూబుతో పదోవంతు నీళ్లు తీసి మారుస్తాను. స్పాంజ్ ఫిల్టర్ రాత్రి కూడా ఆపను, చీకట్లో మొక్కలూ ఆక్సిజన్ వాడుకుంటాయి మరి.

అపోహ: కాలువలో నాచు ఉండగా డబ్బులెందుకు?

ఈ బేరం నేనూ చేశాను. ఓ ఏడాది కాలువ నాచు తెచ్చి నేరుగా వేస్తే, రోజూ పిల్లలు తగ్గుతూ వచ్చాయి. శవం మాత్రం ఒక్కటీ దొరకలేదు. వారానికి నాచు మొత్తం ఎత్తి తెల్ల బకెట్లో దులిపితే తూనీగ లార్వా బయటపడింది, అప్పటికే వేలి గోరంత అయింది. ఇప్పుడు ఏ మొక్క తెచ్చినా మూడు వారాలు బకెట్లోనే. చేను పక్క కాలువదైతే పురుగుమందు భయంతో అసలు ముట్టను.

అపోహ: ఆకు వెనక నల్ల చుక్కలొస్తే జబ్బు.

జావా ఫెర్న్ అనే మొక్కైతే అవి సిద్ధబీజాల గుత్తులు. కత్తిరించకండి. క్రిప్ట్ (క్రిప్టోకోరైన్ అనే నీటి మొక్క) కొత్తగా వేశాక ఆకులన్నీ కరిగిపోయినా పీకేయొద్దు, వేరు బాగుంటే మళ్లీ చిగురిస్తుంది. ఫెర్న్, అనుబియాస్ కాండాన్ని మాత్రం ఇసుకలో పాతిపెట్టకూడదు, కుళ్లుతుంది. కొబ్బరి చిప్పకు దారంతో కట్టేయండి. లక్కీ బాంబూను నీటి మొక్కని చెప్పి ఓ దుకాణంలో నాకూ అంటగట్టారు. ఆకులతో సహా ముంచితే కొన్నాళ్లకు కుళ్లి వాసన కొట్టింది.

అపోహ: మాస్ గోధుమరంగుకు తిరిగితే లైటు చాలనట్టు.

విజయవాడ మే నెలలో అది ఎండ దెబ్బ. నీళ్లు 30 డిగ్రీలు దాటితే మాస్ డీలా పడుతుంది, లైటు పెంచితే ఇంకా పాడవుతుంది. నేను లైటు ఓ గంట తగ్గించి, మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పుతాను. రెండు డిగ్రీల వరకు దిగుతుంది. ఆవిరైన నీళ్లు సాయంత్రం పోస్తే సరి. ఫైటర్ పిల్లలున్న తొట్టికి మాత్రం ఫ్యాన్ పెట్టను. నీటి పైకొచ్చి గాలి పీల్చడం నేర్చుకునే రోజుల్లో వాటికి పైన వెచ్చగానే ఉండాలి, అందుకని ఆ తొట్టిలో మాస్ సగం తీసి నీడలో ఉన్న కుండలోకి మారుస్తాను.