డానీ డార్కో: మొదటి పాట మీద ఆగని తగువు

2001లో వచ్చిన అమెరికన్ సినిమా ‘డానీ డార్కో’ను మళ్లీ థియేటర్లో వేద్దామన్న మాట వచ్చినప్పుడల్లా అభిమానులు అడిగేది ఒక్కటే: ఏ కట్, అంటే ఏ కూర్పు, వేస్తున్నారు? పైకి ఇది నిడివి గొడవలా కనిపిస్తుంది. దర్శకుడు రిచర్డ్ కెల్లీ 2004లో తెచ్చిన డైరెక్టర్స్ కట్ మొదటిదానికంటే దాదాపు 20 నిమిషాలు ఎక్కువ. కానీ అభిమానులు పట్టుబట్టేది ఆ 20 నిమిషాల గురించి కాదు, సినిమా మొదట్లో వచ్చే పాట గురించి.

కుందేలు ముసుగు, ఆకాశం నుంచి ఊడిపడ్డ విమానం ఇంజిన్, 2001లో అమెరికా థియేటర్లలో చతికిలపడటం, తర్వాత డీవీడీలతో లేచి నిలబడటం అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోవడం లేదు. పాటల దగ్గర ఏం జరిగిందో తెలిస్తే ఇవాళ్టి తగువు మొత్తం అర్థమవుతుంది.

తెల్లవారుతోంది. కొండ దారి మధ్యలో ఒక కుర్రాడు, కథానాయకుడు డానీ, పడుకుని ఉన్నాడు, పక్కన సైకిల్. లేచి, చుట్టూ చూసి, తనలో తనే నవ్వుకున్నాడు. సైకిలెక్కి ఊళ్లోకి దిగుతుంటే పాట అందుకుంటుంది. 2001 కట్‌లో అది లివర్‌పూల్ బ్యాండ్ ఎకో అండ్ ద బన్నీమెన్ పాడిన ‘ద కిల్లింగ్ మూన్’. 2004 కట్‌లో అదే దారి, అదే సైకిల్, పాట మాత్రం ఆస్ట్రేలియా బ్యాండ్ ఇన్‌ఎక్సెస్ వాళ్ల ‘నెవర్ టేర్ అస్ అపార్ట్’.

కెల్లీ వాదన సూటిగానే ఉంటుంది. మొదటి నుంచీ ఆయన మనసులో ఉన్నది ఇన్‌ఎక్సెస్ పాటే. హక్కులు కొనే స్తోమత అప్పుడు లేదు, 2004లో అవకాశం రాగానే పెట్టుకున్నారు. కథ జరిగేది 1988 అక్టోబర్‌లో. ఆ ఏడాది అమెరికా రేడియోల్లో ఆ పాట మార్మోగింది కూడా. రెండు లోకాలు ఢీకొనడం గురించి అందులో ఒక మాట ఉంది, కథకు అది సరిగ్గా సరిపోతుంది. తన సినిమాలో తనకు కావలసిన పాట పెట్టుకునే హక్కు దర్శకుడికి లేదని ఎవరూ అనలేరు.

అయితే ఆ ‘స్తోమత లేకపోవడమే’ ఈ సినిమాకు ప్రాణం పోసిందన్న సంగతి ఆ వాదనలో ఇమడదు.

ఒక పాటను సినిమాలో వాడాలంటే ఎవరిని అడగాలన్నది 2024లో ‘మంజుమ్మల్ బాయ్స్’ నిర్మాతలకు ఇళయరాజా నోటీసు పంపినప్పటి నుంచి మనకూ పరిచయమైన గొడవే. అమెరికాలో అనుమతులు రెండు. పాట రాసి, బాణీ కట్టినవాళ్ల తరఫున పబ్లిషర్‌కు ఒకటి, రికార్డింగ్ సొంతదారైన కంపెనీకి ఇంకొకటి చెల్లించాలి. ఇద్దరిలో ఏ ఒక్కరు కాదన్నా పాట పోయినట్టే. సినిమా మొత్తం బడ్జెట్ 45 లక్షల డాలర్లు. అందులోంచి టియర్స్ ఫర్ ఫియర్స్, జాయ్ డివిజన్, ద చర్చ్, డ్యురాన్ డ్యురాన్ పాటలు కొనాలి.

కెల్లీ తెగింపు కూడా తక్కువేం కాదు. స్కూల్‌ను పరిచయం చేసే సీన్‌ను ‘హెడ్ ఓవర్ హీల్స్’ పాటకు తగ్గట్టు ముందే షూట్ చేసేశారు, హక్కులు చేతికి రాకముందే. బస్సు తలుపు దగ్గర పక్కకు ఒరిగి ఉన్న కెమెరా నిటారవుతుంది, వరండాల వెంట సాగుతుంది, ఒక్క డైలాగ్ లేకుండా స్కూల్లో ఎవరెవరు ఎలాంటివాళ్లో చెప్పేస్తుంది. ఆ పాట దొరక్కపోయి ఉంటే ఆ సీన్ గతి ఏమయ్యేదో. చిన్నపిల్లల డాన్స్ మాత్రం పెట్ షాప్ బాయ్స్ పాటకు తీసి, చివరికి డ్యురాన్ డ్యురాన్ ‘నొటోరియస్’తో సరిపెట్టుకున్నారు. ఇవాళ ఆ డాన్స్‌ను ఇంకో పాటతో ఊహించుకోగలరా ఎవరైనా?

డబ్బంతా ఇలా పాటలకే అయిపోవడంతో సంగీత దర్శకుడు మైఖేల్ ఆండ్రూస్ పియానో, మెలోట్రాన్ అనే పాతకాలం కీబోర్డ్, జైలోఫోన్, ఆర్గన్ అన్నీ తనే వాయించుకున్నాడు. గిటార్, డ్రమ్స్ వద్దన్నది కెల్లీ షరతు. టియర్స్ ఫర్ ఫియర్స్ 1982 నాటి ‘మ్యాడ్ వరల్డ్’ను స్నేహితుడు గ్యారీ జూల్స్ చేత నెమ్మదిగా, పియానో మీద పాడించాడు. కొత్తగా పాడించుకుంటే పాత రికార్డింగ్‌కు కట్టాల్సిన పనిలేదు, పబ్లిషర్ అనుమతి ఉంటే చాలు. 2003 క్రిస్మస్‌కు బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది ఆ పాటే. చేతినిండా ఖర్చు పెట్టలేని సినిమాలోంచి వచ్చిన పాట అది.

నా లెక్కలో అసలు మలుపు 2004. అప్పటికి అమెరికాలో డీవీడీల అమ్మకాలు కోటి డాలర్లు దాటాయి, పంపిణీదారు న్యూమార్కెట్ కొత్త కట్‌కు సరేనంది. కెల్లీ ఒక్క పాట మార్చి ఊరుకోలేదు, ఊరుకోవడం కుదరదు కూడా. ‘కిల్లింగ్ మూన్’ మొదటి నుంచి హాలోవీన్ పార్టీలోకి వెళ్లింది. పార్టీలో డానీ, అతని ప్రియురాలు గ్రెచెన్ మెట్లు దిగివచ్చేటప్పుడు వినిపించిన ‘అండర్ ద మిల్కీ వే’ అక్కడి నుంచి కదిలి, డానీ తండ్రితో కారులో ఇంటికి వెళ్లే సీన్‌లోకి చేరింది. ఆ మెట్ల సీన్‌లో ఎవరూ ఏమీ మాట్లాడరు. జరగబోయేది ఏమిటో ఆ పాట మెల్లగా చెబుతుంది. కారులో అదే పాట రేడియో మోతలా మిగిలిపోయింది.

మొదటి పాట సంగతి ఇంకా పెద్దది. ‘కిల్లింగ్ మూన్’ 1984లో బ్రిటన్‌లో టాప్ టెన్‌లోకి వెళ్లింది గానీ అమెరికాలో జనం నోళ్లలో నానిన పాట కాదు. అందరూ వినేది వినని కుర్రాడే 1988లో దాన్ని వెతుక్కుని వింటాడు, డానీ అలాంటివాడే. మనిషి ఎంత కాదన్నా విధి అతను లొంగేదాకా కాచుకుని ఉంటుందని చెప్పే పాట అది. 28 రోజుల కథ చివర్లో తన విధికి లొంగి మంచం మీద నవ్వుతూ పడుకునే డానీకి ఇంతకంటే దగ్గరి పాట ఏముంటుంది? తెలిసిన హిట్ వినిపిస్తే ప్రేక్షకుడు 1988లోకి వెళతాడు. ఈ పాట వినిపిస్తే డానీ తలలోకి వెళతాడు.

పాటల ఆల్బమ్‌ల చరిత్ర కూడా ఈ గందరగోళాన్ని పెంచింది. 2002లో వచ్చిన సౌండ్‌ట్రాక్‌లో ఆండ్రూస్ సంగీతం, ‘మ్యాడ్ వరల్డ్’ ఉన్నాయి తప్ప సినిమాలోని రాక్ పాటలు లేవు. అవి కావాలనుకున్నవాళ్లు విడివిడిగా వెతికి, క్రమంలో పేర్చుకున్నారు, మొదటిది ఎప్పుడూ ‘కిల్లింగ్ మూన్’. 2004లో రెండు డిస్క్‌ల ఆల్బమ్ వచ్చేసరికి ఒకే డిస్క్‌లో ఇన్‌ఎక్సెస్, బన్నీమెన్ ఇద్దరూ చేరారు. కొత్తగా వింటున్నవాళ్లకు ఏది ముందు వచ్చిందో తెలిసే దారి లేకుండా పోయింది.

2016లో బ్రిటన్ సంస్థ యారో 4కెలో పునరుద్ధరించినప్పుడు రెండు కట్‌లనూ సరిచేసి పక్కపక్కనే పెట్టింది. అది మర్యాదైన పని. థియేటర్లో ఒక్క ఆటకు మాత్రం ఏదో ఒకటే వెయ్యగలరు. ఇకముందు వేసేవాళ్లు పోస్టర్ మీద ఏ కట్ వేస్తున్నారో స్పష్టంగా రాయాలి, ఓటీటీలో పెట్టేవాళ్లు కూడా అంతే. ఎంచుకోవలసి వస్తే మాత్రం ముందు 2001ది చూపించండి.