కొబ్బరిమాను బరువు ఎక్కడిది?

కవిటి,
శ్రీకాకుళం జిల్లా.

చిరంజీవులు చిన్నితల్లికి, బాబుకు తాతయ్య ఆశీస్సులు.

కిరణజన్య సంయోగక్రియ పాఠం మొత్తం ఒప్పజెప్పేశానని చిన్నితల్లి ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. వెనకాల నుంచి బాబు "చెట్టు మట్టిని తినే కదా తాతయ్యా పెరిగేది" అన్నాడు. సమీకరణం నోటికి వచ్చినా ఈ సంగతి తేలకపోతే పాఠం వచ్చినట్టు కాదమ్మా. అందుకే రాస్తున్నాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మన ఉద్దానంలో కొబ్బరిచెట్లు కూలినప్పుడు మీరు బాగా చిన్నవాళ్లు. పడిపోయిన మానును రంపంతో ముక్కలు కోసినా ఒక్కడివల్ల కదిలేది కాదు. అంత బరువూ మట్టిలోంచే వచ్చి ఉంటే, చెట్టు పెరిగేకొద్దీ మొదలు చుట్టూ గొయ్యి పడాలి కదా. మన తోటలో ఎక్కడైనా చూశారా?

బెల్జియం ప్రాంతంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన ఈ లెక్కే తేల్చాలనుకున్నాడు. సుమారు 90 కిలోల ఎండబెట్టిన మట్టిని కుండీలో పోసి, రెండున్నర కిలోలు కూడా తూగని విల్లో మొక్కను నాటాడు. ఐదేళ్లు నీళ్లు తప్ప ఇంకేమీ పొయ్యలేదు. చెట్టు 76 కిలోల పైచిలుకు తూగింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది 60 గ్రాముల లోపే! అయితే నీళ్లే చెట్టుగా మారాయని ఆయన అనుకున్నాడు. ఆయన పోయాక 1648లో ఈ సంగతి అచ్చయింది. బొగ్గు కాలిస్తే వచ్చే వాయువును గుర్తించినవాడూ, గ్యాస్ అనే మాట పుట్టించినవాడూ ఆయనే. తన చెట్టు ఐదేళ్లూ తీసుకున్నది ఆ వాయువునే అని మాత్రం ఆయనకు తట్టలేదు. ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు అయ్యో అనిపిస్తుంది. జవాబు అంత దగ్గరకు వచ్చేసింది మరి.

ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్. గాలిని పదివేల పాళ్లు చేస్తే అందులో ఇది నాలుగు పాళ్లకు కాస్త పైన, అంతే. ఆకుకు, ఎక్కువగా అడుగు వైపున, కంటికి కనిపించని పత్రరంధ్రాలుంటాయి. వాటిలోంచి ఈ వాయువు లోపలికి వెళ్తుంది. ఎండిన కర్ర బరువులో దాదాపు సగం కార్బనే. అదంతా ఇలా గాలిలోంచి పోగైనదే. ఈసారి కొబ్బరిమాను దగ్గర నిలబడి చూడండి, కింద నుంచి పైదాకా వలయాలు వలయాలుగా గుర్తులు కనిపిస్తాయి. అవి రాలిపోయిన మట్టల గుర్తులు. ఒక్కొక్క మట్టా పచ్చగా ఉన్నన్నాళ్లూ గాలిలోంచి చక్కెర తయారుచేసి చెట్టుకు పంపింది. మాను కట్టుకున్నది ఆ చక్కెరతోనే.

ఇక ఆకు లోపల జరిగేది చెబుతాను. ఆకు కణాల్లో ఉండే హరితరేణువుల్లోని పత్రహరితం, అంటే ఆకుకు పచ్చరంగునిచ్చే పదార్థం, ఎండలోని ఎరుపు, నీలం వెలుగును బాగా పట్టుకుంటుంది. ఆకుపచ్చను అంతగా పట్టుకోదు, ఆకు మనకు పచ్చగా కనిపించేది అందుకే. పట్టుకున్న శక్తితో వేరు పైకి పంపిన నీటిని విడగొడుతుంది. మనం పీల్చే ఆక్సిజన్ వచ్చేది ఇక్కడే. చెట్టు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి దానిలోని ఆక్సిజన్‌నే మనకు తిరిగి ఇస్తుందని పెద్దవాళ్లు కూడా అనుకుంటారు. 1941లో అమెరికాలో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తలు ఆనవాలు పట్టడానికి వీలుగా మామూలు దానికన్నా బరువైన రకం ఆక్సిజన్ ఉన్న నీటిని వాడి చూస్తే, బయటికి వచ్చిన ఆక్సిజన్ నీటిదేనని తేలింది.

నీటి నుంచి దక్కిన హైడ్రోజన్‌తో, పట్టుకున్న శక్తితో రెండో పని మొదలవుతుంది. రుబిస్కో అనే ఎంజైము, అంటే రసాయన చర్యను నడిపించే ప్రోటీను, కార్బన్ డయాక్సైడ్ అణువులను ఒక్కొక్కటిగా పట్టి చక్కెర తయారీకి అందిస్తుంది. దానిది భలే నిదానం, సెకనుకు రెండో మూడో అణువులు. అందుకే ఆకులో అది కుప్పలుతెప్పలుగా ఉంటుంది. ఈ దారిని మెట్టు మెట్టుగా కనిపెట్టినందుకు మెల్విన్ కాల్విన్‌కు 1961లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మీరు బట్టీపట్టిన ఆరు కార్బన్ డయాక్సైడ్‌లు, ఆరు నీళ్లు, ఒక గ్లూకోజు, ఆరు ఆక్సిజన్ల లెక్క ఈ మొత్తానికి కలిపి వేసిన పద్దు.

మరి మట్టి ఎందుకు, ఎరువెందుకు అని బాబు అడుగుతాడు. అడగాలి కూడా. పత్రహరితం నడిమధ్య మెగ్నీషియం ఉంటుంది. పత్రహరితానికీ రుబిస్కోకీ నైట్రోజన్ కావాలి. ఇవి మట్టిలోంచే రావాలి. కావలసింది కొంచెమే, కానీ ఆ కొంచెం లేకపోతే ఆకు పాలిపోతుంది. ఉభాలయ్యాక, అంటే నాట్లు పడ్డాక, వరి పసుపెక్కితే మీ పెదనాన్న యూరియా చల్లేది ఇందుకే.

నీటి సంగతి ఇంకో తంటా. గాలి కోసం రంధ్రం తెరిస్తే నీరు ఆవిరైపోతుంది, నీరు దాచుకుందామని మూస్తే గాలి అందదు. వేసవి మధ్యాహ్నం చాలా మొక్కలు మూసేసుకుంటాయి, పని మందగిస్తుంది. మన వైపు రబీలో వేసే మొక్కజొన్న కార్బన్ డయాక్సైడ్‌ను ముందే ఒకచోట కూడబెట్టుకుంటుంది కాబట్టి తక్కువ నీటితో నెగ్గుకొస్తుంది.

ఇదంతా నేను చెప్పానని నమ్మేయకండి, చేసి చూడండి. చెరువు నీటి అడుగున పెరిగే హైడ్రిల్లా, అదే మీ పుస్తకంలో బొమ్మ ఉన్న మొక్క, ఒక రెమ్మ తెంపి గాజుగ్లాసులో నీళ్లు పోసి తలకిందులుగా ముంచండి. ఎండలో పెట్టి కాసేపు ఆగితే తెంపిన కొస నుంచి సన్నని బుడగలు వరసగా లేస్తాయి. గ్లాసును నీడలోకి జరపండి, బుడగలు తగ్గుతాయి. మళ్లీ ఎండలో పెట్టి చిటికెడు వంటసోడా కలపండి. దాంతో మొక్కకు కార్బన్ మరింత అందుతుంది. అప్పుడేమవుతుందో నేను చెప్పను. ఎండలో నిమిషానికి ఎన్ని బుడగలు, నీడలో ఎన్ని, సోడా వేశాక ఎన్ని లేచాయో చిన్నితల్లి లెక్కపెట్టాలి, బాబు గడియారం చూడాలి. లెక్క రాసి నాకు పంపండి. చెరువు దగ్గరికి మాత్రం మీ నాన్నను తీసుకునే వెళ్లండి.

ఇట్లు,
మీ తాతయ్య